కారులో సబ్ ఊఫర్‌కి యాంప్ జత కుదర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఏ కార్ డెకర్స్ షాపు ముందు కాసేపు నిలబడినా సబ్ ఊఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) గురించీ, దాన్ని నడిపే యాంప్ (యాంప్లిఫయర్) గురించీ వినబడే అనుమానాలు ఇవే. ఎంత చెప్పినా మళ్లీ అవే వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం. దేనికి జవాబు దాని కిందే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసింది చూసుకుని వెళ్లిపోవచ్చు. మొత్తం మీద మా మాట ఒకటే: ముందు ఓమ్స్ (కరెంటుకి ఊఫర్ చూపే అడ్డు) చూడండి, తర్వాత ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగలిగే వాట్స్) చూడండి, డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసిన వాట్స్ అసలు చూడకండి.

## కొనే ముందు

డబ్బా మీద 2000 వాట్స్ అని ఉంది కదండీ, మరి 400 వాట్స్ యాంప్ చాలంటారేంటి?

ఆ 2000 'మాక్స్' అంకె. దాన్ని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు, కంపెనీ ఎంత వేస్తే అంత. గంటల తరబడి ఆగకుండా మోయగలిగే బరువు ఆర్‌ఎంఎస్. అది డబ్బా పక్కన చిన్నక్షరాల్లోనో, లోపలి కాగితంలోనో ఉంటుంది. 'రేటెడ్' అనో 'నామినల్' అనో కూడా రాస్తారు. ఆ అంకె ఎక్కడా లేని సరుకు కొనకపోవడమే మేలు.

యాంప్ చెప్పే వాట్స్ నిజమో కాదో దాని వీపు మీదున్న ఫ్యూజులే చెబుతాయి. ఫ్యూజుల ఆంపియర్లు కూడి 13.8 (ఇంజన్ నడుస్తున్నప్పటి వోల్టులు)తో గుణించండి. క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ అయితే అందులో ముప్పాతిక వంతు తీసుకోండి, క్లాస్ ఏబీ అయితే సగానికి కాస్త పైన. రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులున్న క్లాస్ డి యాంప్: 60 × 13.8 = 828, అందులో ముప్పాతిక సుమారు 620 వాట్స్. ఒకే ఒక్క 30 ఫ్యూజు పెట్టి 3000 వాట్స్ అని రాశారంటే అది 300కి పక్కన ఓ సున్నా చేర్చిన లెక్కే.

ముందు ఊఫర్ కొనాలా, యాంప్ కొనాలా?

ముందు టేపు పట్టుకుని డిక్కీలో బాక్సుకి ఎంత చోటు వదలగలరో కొలవండి. ఆ చోటుని బట్టి ఊఫర్, ఊఫర్ కాయిల్ (లోపలి తీగ చుట్ట) ఓమ్స్‌ని బట్టి యాంప్, యాంప్ లాగే ఆంపియర్లని బట్టి వైరు. ఆఫర్‌లో వచ్చిందని యాంప్ ముందే కొనేసినవాళ్లు తర్వాత దానికి కుదిరే ఓమ్స్ ఊఫర్ కోసం ఊరూరా తిరగాల్సి వస్తుంది.

నాది చిన్న పెట్రోలు కారండి. ఎన్ని వాట్స్ దాకా వెళ్లొచ్చు?

ఆర్‌ఎంఎస్ 300 నుంచి 500. అక్కడితో ఆగండి.

కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు ఇంకా డైనమో అనే అంటారు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది ఎక్కువగా 65 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడితే అందులో సగం దాకా పడిపోతుంది. 500 వాట్స్ క్లాస్ డి యాంప్ పూర్తి జోరులో దగ్గర దగ్గర 45 ఆంపియర్లు లాగుతుంది. పాటలో బేస్ ఆగకుండా మోగదు గనుక సగటు లాగుడు మూడో వంతు లోపే ఉంటుంది, అందుకే బండి నెట్టుకొస్తుంది. కానీ రోహిణీ కార్తెలో ఏసీ ఫుల్లు, ఫ్యాను ఫుల్లు, పైన హెడ్‌లైట్లు అంటే మిగిలేది కొంచెమే. 800, 1000 వాట్స్ కావాలంటే పెద్ద ఆల్టర్నేటర్, పెద్ద బ్యాటరీ, ఇంజన్ దగ్గరి లావు వైర్లు అన్నీ మార్చుకోవాలి. ఖర్చు ఊఫర్ ధర దాటిపోతుంది.

కంపెనీ డెక్ (డాష్‌బోర్డులోని మ్యూజిక్ సిస్టం) మార్చకుండా ఊఫర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. యాంప్‌కి 'హై లెవెల్ ఇన్‌పుట్' ఉంటే వెనక డోరు స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ ఇవ్వొచ్చు. లేకపోతే మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని యాంప్ తీసుకునేలా మార్చే డబ్బీ) పెట్టాలి. కంపెనీ వైరు కోసి టేపు చుట్టే పని మాత్రం ఒప్పుకోకండి, రేపు వారంటీ దగ్గర పేచీ అదే. బండి మోడల్‌కి తగ్గ కప్లర్ దొరుకుతుంది, మధ్యలో గుచ్చితే చాలు. కొన్ని కంపెనీ డెక్‌లు వాల్యూమ్ పెరిగేకొద్దీ డోరు స్పీకర్లు చిరగకుండా బేస్‌ని వాటంతట అవే తగ్గించేస్తాయి. ఎంత పెంచినా ఊఫర్ ఒకచోట ఆగిపోతుంటే అది యాంప్ తప్పు కాదు.

సీటు కింద పెట్టే యాక్టివ్ సబ్ చాలదా?

పాటకి కాస్త నిండుదనం కావాలనుకునేవాళ్లకి చాలు. యాంప్, ఊఫర్ ఒకే డబ్బాలో కంపెనీయే కుదిర్చి ఇస్తుంది, ఓమ్స్ గొడవే లేదు. సంక్రాంతికి డిక్కీ నిండా సామాన్లు, అరిసెల డబ్బాలు ఎక్కించేవాళ్లకి ఇదే నయం. గుండెల మీద కొట్టే దెబ్బ మాత్రం దీని నుంచి రాదు.

10 అంగుళాలదా, 12దా?

ఒకటే పెట్టేటట్టయితే, చోటు ఉంటే 12. మంచి 10 కొనే డబ్బుతో నాసి 12 కొనడం కంటే 10తోనే ఆగడం తెలివి.

## ఓమ్స్, వాట్స్ జత

ఈ ఓమ్స్ అంటే ఏంటండీ? సైన్సు పాఠం లేకుండా చెప్పండి.

కాలవకి తూము ఉంటుంది కదా. తలుపు ఎంత ఎత్తితే పొలంలోకి అంత నీరు. ఊఫర్ ఓమ్స్ ఆ తలుపు లాంటివే: 4 ఓమ్స్ అంటే కొంచెం ఎత్తినట్టు, 2 అంటే ఇంకా ఎత్తినట్టు, 1 అంటే బార్లా తెరిచినట్టు. ఓమ్స్ తగ్గేకొద్దీ యాంప్ నుంచి కరెంటు ఎక్కువ పారుతుంది, వాట్స్ పెరుగుతాయి, వేడీ పెరుగుతుంది. '2 ఓమ్స్ స్టేబుల్' అని రాసిన యాంప్ 2 దాకా తట్టుకుంటుంది. దానికి 1 ఓమ్ తగిలిస్తే కాలవ మోయగలిగిన దానికన్నా ఎక్కువ నీరు లాగినట్టే. మంచి యాంప్ అయితే ప్రొటెక్ట్‌లోకి వెళ్లి ఆగుతుంది, నాసిదైతే లోపలి ట్రాన్సిస్టర్లు పేలతాయి.

సింగిల్ కాయిల్ మంచిదా, డ్యూయల్ కాయిల్ మంచిదా?

చెవికి తేడా తెలియదు. డ్యూయల్ కాయిల్ ఊఫర్‌కి రెండు జతల టెర్మినల్స్ ఉంటాయి, వాటిని రెండు రకాలుగా కలిపి రెండు రకాల ఓమ్స్ తెచ్చుకోవచ్చు. సౌలభ్యం అంతవరకే. డ్యూయల్‌లో ఒక కాయిల్‌కే వైరిచ్చి రెండోది వదిలేస్తుంటారు కొందరు. అలా చేస్తే ఊఫర్ సగం బరువే మోయగలదు, మీరు పూర్తి వాట్స్ ఇస్తే ఆ ఒక్క కాయిల్ కాలుతుంది.

నా దగ్గరున్న ఊఫర్‌ని కలిపితే ఎన్ని ఓమ్స్ వస్తాయి?

ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే ప్యారలల్. ఒక కాయిల్ మైనస్‌ని రెండోదాని ప్లస్‌కి కలిపి, మిగిలిన రెండు కొసలు యాంప్‌కి ఇస్తే సిరీస్.

- డ్యూయల్ 4 ఊఫర్ ఒకటి: ప్యారలల్ 2, సిరీస్ 8.
- డ్యూయల్ 2 ఊఫర్ ఒకటి: ప్యారలల్ 1, సిరీస్ 4.
- సింగిల్ 4 ఊఫర్లు రెండు: ప్యారలల్ 2, సిరీస్ 8.
- డ్యూయల్ 4 ఊఫర్లు రెండు: నాలుగు కాయిల్సూ ప్యారలల్ అయితే 1. ఏ ఊఫర్‌కి ఆ ఊఫర్ సిరీస్ చేసి తర్వాత రెంటినీ ప్యారలల్ చేస్తే 4.
- డ్యూయల్ 2 ఊఫర్లు రెండు: ఏ ఊఫర్‌కి ఆ ఊఫర్ సిరీస్, తర్వాత రెండూ ప్యారలల్ అయితే 2. అన్నీ ప్యారలల్ చేస్తే అర ఓమ్, ఆ పని చేయకండి.

సింగిల్ 4 ఒక్కటే ఉంటే కలపడానికేమీ లేదు, 4 అంటే 4.

ఒక లెక్క పూర్తిగా చేసి చూపించండి.

ఊఫర్: 12 అంగుళాలు, డ్యూయల్ 4 ఓమ్స్, ఆర్‌ఎంఎస్ 350. యాంప్: మోనోబ్లాక్ (ఒకే చానల్‌ది), కాగితం మీద 4 ఓమ్స్‌కి 250, 2 ఓమ్స్‌కి 400, 1 ఓమ్‌కి 600 వాట్స్.

ఊఫర్‌ని కలిపితే వచ్చేవి 2 లేదా 8, అంతే. ఈ ఊఫర్‌తో 4 రాదు, 1 రాదు. కాబట్టి యాంప్ చెప్పే 600 మనకి సంబంధం లేని అంకె. 8కి పెడితే యాంప్ నుంచి ఏ 125, 150 వాట్స్ వస్తాయి, బేస్ నీరసంగా ఉంటుంది. 2కి ప్యారలల్ చేస్తే 400 వస్తుంది, ఊఫర్ మోసేది 350. ఆ 50 తేడా గెయిన్ (యాంప్ మీద సిగ్నల్ సరిచేసే మీట) దగ్గర తగ్గించుకోవచ్చు. చక్కటి జత. అదే యాంప్‌కి డ్యూయల్ 2 ఊఫర్ కొని ఉంటే ప్యారలల్‌లో 1 ఓమ్, 600 వాట్స్. సిరీస్‌లో 4 ఓమ్స్, 250 వాట్స్. 350 ఊఫర్‌కి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. బిల్లు వేయించే ముందు కాగితం మీద రెండు నిమిషాలు చేయాల్సిన పని ఇదే.

మల్టీమీటర్ పెడితే 4 ఓమ్స్ ఊఫర్ 3.4 చూపిస్తోంది. డూప్లికేటా?

కాదు. మీటర్ చూపేది కాయిల్ తీగ నిరోధం ఒక్కటే. 4 ఓమ్స్ ఊఫర్‌కి 3.2 నుంచి 3.8 మధ్య రావడం మామూలే. ముందు మీటర్ వైర్ల కొసలు రెండూ తాకించి చూసి, ఆ అంకెని తీసేయండి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్ అయింది.

4 చానల్ యాంప్ ఉంది. వెనక రెండు చానళ్లు బ్రిడ్జ్ చేసి (ఒకటిగా కలిపి) ఊఫర్‌కి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో చానల్‌కి ఊఫర్ ఓమ్స్‌లో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్స్ తగిలిస్తే చానల్‌కి 2 పడుతుంది, చాలా యాంప్‌లకి అదే చివరి హద్దు. డ్యూయల్ 4 ఊఫర్‌ని ప్యారలల్‌లో 2 చేసి బ్రిడ్జ్‌కి ఇస్తే చానల్‌కి 1 ఓమ్, యాంప్ పది నిమిషాల్లో కాలిపోయేంత వేడెక్కుతుంది. బ్రిడ్జ్‌కి సింగిల్ 4 గానీ, సిరీస్ చేసిన డ్యూయల్ 2 గానీ సరిగ్గా సరిపోతాయి.

ఊఫర్ 300, యాంప్ 500. ఊఫర్ కాలిపోదా? దానికంటే చిన్న యాంప్ సేఫ్ కదా?

ఈ నమ్మకమే ఎక్కువ ఊఫర్లని తినేసింది.

పెద్ద యాంప్ గెయిన్‌ని ఊఫర్‌కి తగ్గట్టు దించి పెడితే అది తాపీగా శుభ్రమైన సౌండ్ ఇస్తుంది. చిన్న యాంప్ పెట్టినవాళ్లు సౌండ్ చాల్లేదని గెయిన్ తిప్పుతారు, బేస్ బూస్ట్ తిప్పుతారు. యాంప్ ఇవ్వగలిగింది దాటాక అల పైభాగం, కింది భాగం కత్తిరించినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. గుండ్రటి అల కన్నా చదునైన అలలో శక్తి ఎక్కువ, పూర్తిగా చదునైతే దాదాపు రెట్టింపు. 200 వాట్స్ యాంప్ అలా 350, 400 దాకా తోసి కాయిల్‌ని వేయించేస్తుంది. ఊఫర్ ఆర్‌ఎంఎస్‌కి ముప్పాతిక నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య ఉన్న యాంప్ ఏదైనా పనికొస్తుంది. మా ఓటు పై సగానికి.

పాత 10 అంగుళాల ఊఫర్ పక్కన కొత్త 12 పెట్టి ఒకే యాంప్‌కి ఇవ్వొచ్చా?

వద్దు. ప్యారలల్‌లో 2 ఓమ్స్‌ది 4 ఓమ్స్‌దాని కన్నా రెట్టింపు వాట్స్ లాక్కుంటుంది, ఒకటి కాలుతుంటే ఇంకొకటి నిద్రపోతుంది. ఓమ్స్ ఒకటే అయినా రెండూ ఒకేలా కదలవు, కొన్ని స్వరాల దగ్గర ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పాతది అమ్మేసి ఒకే మోడల్ రెండు కొనండి, లేదా ఒక్కటితో ఉండండి.

## వైరింగ్

షాపులో 8 గేజి కిట్ చాలంటున్నారు. నిజమేనా?

300 వాట్స్ లోపు, వైరు అసలు రాగిదైతే నిజమే. 500కి మాత్రం 4 గేజి వేయండి (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు).

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరు దాదాపు 5 మీటర్లు పడుతుంది. 45 ఆంపియర్లు పారితే 8 గేజి రాగి మీద 0.46 వోల్టు పోతుంది, 4 గేజి మీద 0.18. చవక కిట్లలో వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. అందులో 8 గేజి అంటే 0.7 వోల్టు దారిలోనే ఆవిరి. పైగా వైరు లావంతా రబ్బరే అయి, లోపల తీగ పెన్సిల్ ముల్లంత ఉండే కిట్లూ ఉన్నాయి.

కొనే ముందు కొస కోయించి ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ అల్యూమినియం కొసలకి తెల్లటి పొడి పట్టి జాయింటు వదిలేస్తుంది. దొరికితే తగరం పూత వేసిన రాగి వైరు తీసుకోండి. లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో 25 స్క్వేర్ ఎంఎం సన్నపోగుల రాగి కేబుల్ అడగండి, అది 4 గేజి కన్నా కొంచెం లావే. వెల్డింగ్ కేబుల్ కూడా పనిచేస్తుంది, కానీ అందులోనూ అల్యూమినియంది వస్తుంది, చూసి తీసుకోండి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలి, ఎంతది పెట్టాలి?

బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు. ఈ ఫ్యూజు యాంప్ కోసం కాదు, వైరు కోసం. వైరు ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా అటే పారుతుంది, ఫ్యూజు లేకపోతే బండే తగలబడుతుంది. యాంప్ ఫ్యూజుల మొత్తం 50 అయితే ఇక్కడ 60 చాలు. 8 గేజికి 60, 4 గేజికి 100 దాటించకండి. ఇంజన్ గోడలోంచి వైరు దూర్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. గొట్టం తొడిగితే ఎలకల నుంచి కూడా రక్ష. కోతలయ్యాక పొలాల్లో ఎలకలన్నీ వెచ్చటి ఇంజన్లే వెతుక్కుంటాయి.

ఎర్త్ ఎక్కడ పట్టాలండీ?

యాంప్‌కి 45 సెంటీమీటర్ల లోపు, బాడీ రేకుకి. ప్లస్ వైరు ఎంత లావో ఇదీ అంతే లావు. బాటిల్ మూతంత చోటులో పెయింటు, దాని కింద ప్రైమరు పూర్తిగా గీకి రేకు తళతళలాడే దాకా తేవాలి. లగ్గు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి, సుత్తితో కొట్టిన లగ్గు ఆరు నెలల్లో వదులవుతుంది. పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించాక పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయండి. మన గాలిలో తేమకి పచ్చి రేకు ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది.

సీటు బెల్టు బోల్టు కనపడగానే చాలామంది చెయ్యి అటే పోతుంది. దాన్ని ముట్టుకోకండి, అది ప్రాణం కాపాడే బోల్టు.

పాట గట్టిగా మోగుతుండగా మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి పెట్టి డీసీ వోల్టులు చూడండి. 0.2 దాటితే ఎర్త్ బాలేదు. కొత్త బళ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సార్ డబ్బా ఉంటుంది. యాంప్ ఎర్త్‌ని తిన్నగా ఆ టెర్మినల్‌కి బిగిస్తే చార్జింగ్ లెక్క తప్పుతుంది, బాడీకే ఇవ్వండి.

ఆర్‌సీఏ వైరు (డెక్ నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చేది), పవర్ వైరు ఒకే పక్క నుంచి లాగొచ్చా?

పవర్ ఒక పక్క, ఆర్‌సీఏ ఇంకో పక్క. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, జంటగా పడుకోబెట్టకండి.

కెపాసిటర్ (కాసింత కరెంటు దాచుకుని ఇచ్చే డబ్బా) పెడితే హెడ్‌లైట్లు మిణుకుమనడం ఆగుతుందా?

ఆగదు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇవ్వగలిగేది 26 జౌళ్లు. 500 వాట్స్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతు. ఆ డబ్బు లావు వైరు మీద, మంచి ఎర్త్ మీద, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మీద పెట్టండి. మిణుకు చాలావరకు అక్కడే తగ్గుతుంది.

## బాక్సు

రెడీమేడ్ బాక్సు కొనాలా, వడ్రంగితో చేయించాలా?

రెడీమేడ్‌వి ఎక్కువగా ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక). సౌండ్‌కి మంచిదే, కానీ డెల్టా తేమకి అంచులు బిస్కెట్టులా ఉబ్బుతాయి. తడి గొడుగులు, చేపల ఐసు పెట్టె అదే డిక్కీలో ప్రయాణం చేసేటట్టయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్‌తో చేయించండి.

వడ్రంగికి 'లోపలి కొలత' అని నొక్కి చెప్పండి, బీరువా చేసే అలవాటులో బయటి కొలతకి చేసేస్తారు. 18 ఎంఎం చెక్క రెండు పక్కలా కలిపి ప్రతి కొలతలో 3.6 సెంటీమీటర్లు తింటుంది. బయట 45 × 38 × 30 సెంటీమీటర్లున్న బాక్సు లోపల 41.4 × 34.4 × 26.4. గుణించి వెయ్యితో భాగిస్తే 37.6 లీటర్లు. ఊఫర్ వెనక భాగం రెండు మూడు లీటర్లు ఆక్రమిస్తుంది, మిగిలేది 35.

అతుకుల్లో ఫెవికాల్, ప్రతి 10 సెంటీమీటర్లకి స్క్రూ, మూలల్లో లోపలివైపు సిలికాన్. ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజు, ఊఫర్ బిగించకండి. ఆ ఆవిరి లోహానికి, జిగురుకి మంచిది కాదు. సీల్డ్ (అన్ని పక్కలా మూసేసిన) బాక్సు అయితే బిగించాక కోన్‌ని (ఊఫర్ ముందు కదిలే గిన్నెని) రెండు చేతులతో సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నింపాదిగా పైకి వస్తే గాలి చొరబడటం లేదు, ఠక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది.

సీల్డ్ బాక్సా, పోర్టెడ్ (గాలి గొట్టం, అంటే పోర్టు ఉన్న) బాక్సా?

మొదటిసారి పెట్టేవాళ్లకి సీల్డ్. 12 అంగుళాలదానికి 25 నుంచి 35 లీటర్లు చాలు, కొలతలో చిన్న తప్పులు క్షమిస్తుంది, డప్పు దెబ్బ దెబ్బగానే వినిపిస్తుంది. పోర్టెడ్‌కి 45 నుంచి 60 లీటర్లు కావాలి. అదే వాట్స్‌కి ఎక్కువ మోత వస్తుంది, అందుకే తీన్మార్, డీజే పాటల వాళ్లు దీన్ని ఇష్టపడతారు. అయితే పోర్టు ఏ హెర్ట్జ్‌కి కుదిర్చారో దానికి కింద కోన్‌కి పట్టు ఉండదు, విచ్చలవిడిగా ఊగి చిరుగుతుంది. 34 హెర్ట్జ్‌కి కుదిర్చిన బాక్సుకి యాంప్ మీద సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాల్ని ఆపేది) 28, 30 దగ్గర పెట్టాలి. పోర్టు లెక్క తెలియని వడ్రంగి చేత, ఊహ మీద గొట్టం పెట్టించకండి.

బాక్సుని డిక్కీలో ఎటు తిప్పాలి?

హ్యాచ్‌బ్యాక్‌లో ఊఫర్ మొహం వెనక డోరు వైపు. సెడాన్‌లోనూ ముందు అదే చూసి, నచ్చకపోతే తిప్పి వినండి. ఎటు తిప్పినా ఎల్ క్లాంపులతో నేలకి బిగించండి. కాలవ గట్టు రోడ్డు మీద గేదె అడ్డమొచ్చి బ్రేకు కొడితే, 20 కిలోల బాక్సు వెనక సీటు మీదకి వస్తుంది.

## సెట్టింగులు

గెయిన్ అంటే వాల్యూమే కదా? ఎంత పెట్టాలి?

కాదు. డెక్ ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిచేసే మీట అది. చెవితో పెడితే దాదాపు ఎప్పుడూ ఎక్కువే పెడతారు. మల్టీమీటర్‌తో ఇలా పెట్టండి:

1. వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. 350 వాట్స్, 2 ఓమ్స్ అయితే 700కి వర్గమూలం, 26.5 వోల్టులు. 300 వాట్స్, 4 ఓమ్స్ అయితే 34.6. 500 వాట్స్, 1 ఓమ్ అయితే 22.4.
2. ఊఫర్ వైర్లు యాంప్ నుంచి ఊడదీయండి. గెయిన్ పూర్తిగా కిందికి, బేస్ బూస్ట్ సున్నా, డెక్‌లో ఈక్వలైజర్ ఫ్లాట్.
3. ఇంజన్ స్టార్ట్ చేసి, 50 హెర్ట్జ్ టోన్‌ని పెన్ డ్రైవ్‌లో వేసి మోగించండి. బ్లూటూత్ వద్దు, ఫోన్ వాల్యూమ్ మధ్యలో తలదూరుస్తుంది.
4. డెక్ వాల్యూమ్ ముప్పాతికకి తేండి. 40 అంకెలుంటే 30.
5. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినల్స్‌కి తాకించి, లెక్కలో వచ్చిన అంకె దాకా గెయిన్ మెల్లగా పెంచండి.
6. అన్నీ ఆపి ఊఫర్ కలపండి. ఇక ఆ వాల్యూమ్ అంకె దాటకండి.

బేస్ బూస్ట్ ఎంత పెట్టమంటారు?

సున్నా. 6 డీబీ (డెసిబెల్స్) పెంచితే ఆ స్వరం దగ్గర యాంప్ నాలుగు రెట్ల వాట్స్ ఇవ్వాలి, 12 పెంచితే పదహారు రెట్లు. ఎక్కడి నుంచి తెస్తుంది? క్లిప్ అవుతుంది.

ఎల్‌పీఎఫ్ (పై స్వరాల్ని ఆపే మీట), ఫేజ్ (కోన్ కదిలే దిశ మార్చే మీట) ఎక్కడ పెట్టాలి?

ఎల్‌పీఎఫ్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. పాడేవాళ్ల గొంతు డిక్కీలోంచి వినిపిస్తుంటే తగ్గించండి. ఫేజ్ మీటని 0, 180 రెండిట్లోనూ పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చున్నవారికి దేంట్లో బేస్ నిండుగా ఉందో అక్కడ వదిలేయండి.

రాత్రిపూట ఊళ్లో మోగిస్తే కేసు పెడతారా?

పెట్టొచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో హద్దు 45 డెసిబెల్స్. అది ఇద్దరు మెల్లగా మాట్లాడుకునేంత.

## తేడా వచ్చినప్పుడు

యాంప్ మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది.

ముందు ఊఫర్ వైర్లు తీసేసి ఆన్ చేయండి. లైటు పచ్చగా మారితే తప్పు యాంప్‌ది కాదు: వైరు పోగులు పక్క టెర్మినల్‌కి తగులుతున్నాయో, ఓమ్స్ తక్కువయ్యాయో, కాయిల్ షార్టయిందో. అప్పటికీ ఎర్రగానే ఉంటే ఆర్‌సీఏ పీకి చూడండి. ఆ తర్వాతా ఎర్రగా ఉంటే, ఎర్త్ సరిగ్గా ఉందని తేలితే, యాంప్ లోపల పోయింది. పావుగంట మోగాకే ఆగుతుంటే అది వేడి. పైన కార్పెట్ కప్పారేమో చూడండి.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్యిమంటోంది.

ఇంజన్ వేగంతో పాటు మోత పెరుగుతుంటే పదిట్లో ఎనిమిదిసార్లు ఎర్త్ జాయింటే. విప్పి, గీకి, మళ్లీ బిగించండి. తగ్గకపోతే ఆర్‌సీఏని తాత్కాలికంగా సీట్ల మీద నుంచి వేరే దారిలో లాగి వినండి.

కాలిన వాసన వస్తోంది, కానీ మోగుతోంది. వాడొచ్చా?

వెంటనే ఆపి చల్లారనివ్వండి. తర్వాత కోన్‌ని నాలుగు వేళ్లతో సమంగా నొక్కి, చెవి దగ్గర పెట్టి వినండి. గరగరమంటే కాయిల్ వార్నిష్ ఉబ్బి మాగ్నెట్ సందులో ఒరుస్తోంది, దానికి ఎక్కువ రోజులు లేవు. శబ్దం లేకుండా కదిలి, మీటర్ మీద ఓమ్స్ సరిగ్గా ఉంటే ఈసారికి బతికింది. గెయిన్ కొలిచి మళ్లీ పెట్టకుండా మోగించకండి.

తెల్లారేసరికి బండి స్టార్ట్ కావట్లేదు.

బండి ఆపి తాళం తీశాక యాంప్ మీద లైటు వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే రిమోట్ వైరుని (యాంప్‌ని ఆన్ చేసే సన్న వైరుని) ఎప్పుడూ కరెంటుండే చోట కలిపేశారు. మోగకపోయినా యాంప్ ఒక ఆంపియర్ దాకా తాగుతుంది. 35 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ నుంచి రాత్రి పది గంటల్లో 10 ఏహెచ్ పోతే, అప్పటికే పాతబడ్డ బ్యాటరీ లేవదు. రిమోట్‌ని డెక్ వెనక నీలం-తెలుపు చారల వైరుకి గానీ, తాళంతో పాటు ఆగే ఏసీసీ ఫ్యూజుకి గానీ మార్చండి.

వరద నీళ్లు కారులోకి వచ్చాయి. యాంప్ పనిచేస్తుందేమో ఆన్ చేసి చూడొచ్చా?

చూడొద్దు. తడిమీద ఆన్ చేయడంతోనే సగం యాంప్‌లు చస్తాయి. మొదట బ్యాటరీ మైనస్ ఊడదీయండి. యాంప్ తీసి, మూత విప్పి, ఒండ్రు పట్టి ఉంటే మంచినీళ్లతో కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, నీడలో ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. లంక గ్రామాల్లో వచ్చేది మంచినీటి వరద కాబట్టి ఆశ ఉంది. ఉప్పుటేరు నీరో, సముద్రపు పోటో తగిలితే బోర్డు మీద రాగి గీతలు రోజుల్లో తినేస్తాయి. ఎండీఎఫ్ బాక్సు ఉబ్బితే పారేయడమే. కాగితం కోన్ ఊఫర్‌ని తడిగా ఉండగా నొక్కకండి. ఆరాక, కోన్ అంచు జిగురు వదలకపోతే, మీటర్ పెట్టి ఓమ్స్ చూసి తక్కువ వాల్యూమ్‌లో మోగించండి. జూలై, ఆగస్టుల్లో ఏటా నీరొచ్చే వీధి అయితే తిరిగి బిగించేటప్పుడు యాంప్‌ని సీటు కింద కాకుండా వెనక సీటు వీపుకి ఎత్తులో బిగించండి, వైరు జాయింట్లు నేల మీద వదలకండి.